గ్నోసిస్ జ్ఞానమేనా? – ఒక పారిభాషిక పదంపై అభ్యంతరం

ఆదిమ క్రైస్తవంలోని గ్నోస్టిక్ శాఖలను గురించి తెలుగులో రాయబూనినవారికి వెంటనే చేతికందే మాట ‘జ్ఞానవాదం’. గ్రీకు ‘గ్నోసిస్’, సంస్కృత ‘జ్ఞానం’ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి పుట్టినవి కనుక ఈ అనువాదానికి వేరే సమర్థన అక్కరలేదని భావించేవారున్నారు. ధాతుసామ్యం శబ్దాల పుట్టుకను చెబుతుంది, అర్థాన్ని నిర్ణయించదు. పైగా ఈ సందర్భంలో ఆ సామ్యమే తెలుగు పాఠకుణ్ణి మూడు పొరపాట్లలోకి దించుతున్నది.

మొదటిది పదసాంకర్యం. తెలుగు ప్రొటెస్టెంటు చర్చిలలో బహుళంగా వాడుకలో ఉన్న బైబిలు అనువాదాన్ని పరిశీలిస్తే విషయం స్పష్టమవుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఒకటవ అధ్యాయం 24వ వచనంలో గ్రీకు మూలం ‘సోఫియా’, తెలుగు ‘జ్ఞానము’. ఎనిమిదవ అధ్యాయం మొదటి వచనంలో మూలం ‘గ్నోసిస్’. తెలుగు మళ్ళీ ‘జ్ఞానము’. పన్నెండవ అధ్యాయం 8వ వచనంలో రెండు మాటలూ పక్కపక్కనే రావడంతో అనువాదకులు సోఫియాను ‘బుద్ధి’గా మార్చవలసివచ్చింది. అంటే ఒకే పత్రికలో ఒకే గ్రీకు పదానికి రెండు తెలుగు పదాలు, రెండు గ్రీకు పదాలకు ఒకే తెలుగు పదం. భక్తి పఠనంలో దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. గ్నోస్టిక్ పురాణగాథ విషయంలో మాత్రం ఇది ప్రాణాంతకం.

రెండవ శతాబ్దంలో రోములో బోధించిన వాలెంటీనస్ శిష్యపరంపర కథనాన్ని లియాన్ బిషప్ ఐరేనియస్ సుమారు 180 ప్రాంతంలో నమోదు చేశాడు. ఆ కథనం ప్రకారం ‘ప్లెరోమా’ అనే దివ్యసంపూర్ణతలో 30 ఏయోన్లు ఉన్నాయి. వాటిలో చివరిది సోఫియా. ఆమె పరమపితను తెలుసుకోవాలని హద్దుమీరి ఆశించి వేదనకు లోనవుతుంది. ఆ వేదన నుంచే, ఆ దుఃఖభయాల నుంచే భౌతిక ద్రవ్యం ఏర్పడుతుంది. ఈ పతనానికి విరుగుడు రక్షకుడు తెచ్చే గ్నోసిస్. ఇక్కడ రెండు పదాలనూ ‘జ్ఞానం’ అంటే కథ ఏమవుతుంది? జ్ఞానం పతనమైంది, జ్ఞానం దానిని ఉద్ధరించింది అని చదువుకోవాలి. ఆ గాథలోని తర్కమంతా పడిపోయిన దానికీ లేవదీసే దానికీ మధ్య ఉన్న భేదంలోనే ఉంది. అనువాదం చెరిపేసేది సరిగ్గా ఆ భేదాన్నే.

కతోలిక తెలుగులో చిక్కు మరింత ముదురుతుంది. అక్కడ బాప్తిస్మానికి పేరు ‘జ్ఞానస్నానం’. ఆ సమాసంలో ‘జ్ఞాన’ శబ్దం ఆధ్యాత్మికమనే అర్థాన్ని సంతరించుకుంది. సంఘంలో చేర్చుకునే సంస్కారం జ్ఞానస్నానమై, సంఘం వెలివేసిన మతం జ్ఞానవాదమైతే, వెలి ఎందుకు వేశారో పాఠకుడికి ఎలా బోధపడుతుంది?

రెండవ పొరపాటు వేదాంతచ్ఛాయ. తెలుగు పాఠకుడికి ‘జ్ఞానం’ అనగానే కర్మ, భక్తి మార్గాల సరసన నిలిచే జ్ఞానమార్గం స్ఫురిస్తుంది. అద్వైతంలో ఈశ్వరుడు సర్వజ్ఞుడు, మాయ ఆయన అధీనంలో ఉంటుంది, అవిద్య జీవుడిది. ‘యోహాను రహస్యగ్రంథం’లో కనిపించే లోకకర్త యాల్దాబావోత్ స్వయంగా అజ్ఞాని. తనకు మించిన దేవుడు లేడని అతడు ప్రకటించుకోవడమే అతని అజ్ఞానానికి నిదర్శనమని ఆ గ్రంథం వాదిస్తుంది. సృష్టికర్తే తెలియనివాడన్న ఈ సాహసం హెబ్రీ గ్రంథాల దేవుడితో సాగిన వివాదం నుంచి పుట్టింది. ఉపనిషత్తుల చర్చ నుంచి కాదు. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం తులనాత్మక అధ్యయనం అనిపించుకోదు. పోల్చవలసిన భేదాన్ని పోలిక మొదలుకాకముందే తుడిచివేయడం అవుతుంది.

మూడవది ఏకత్వభ్రాంతి. ‘వాదం’ అనగానే ఒక సిద్ధాంతం, ఒక శాఖ ఉన్నట్టు తోస్తుంది. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ సమీపంలో బయటపడిన 13 కోప్టిక్ ప్రతుల సంపుటాలు ఆ భ్రమను సడలించాయి. సేతీయ గ్రంథాల లోకకర్త అహంకారి. వాలెంటీనస్ పరంపరకు చెందిన టోలమీ ఫ్లోరాకు రాసిన లేఖలో అతడు పరిపూర్ణుడూ కాడు, దుష్టుడూ కాడు, మధ్యస్థుడైన న్యాయమూర్తి. తరచు ఇదే జాబితాలో చేర్చే మార్కియన్ రక్షణకు ఆధారం విశ్వాసమన్నాడే గాని గ్నోసిస్ అనలేదు. మరోవైపు సంఘపక్షానికే చెందిన అలెగ్జాండ్రియా క్లెమెంటు ఆదర్శ క్రైస్తవుణ్ణి ‘గ్నోస్టికోస్’ అని మెచ్చుకున్నాడు. ఈ గందరగోళాన్ని గమనించే మైకేల్ విలియమ్స్ 1996లోనూ, కారెన్ కింగ్ 2003లోనూ ఆ సామూహిక నామం చెల్లుబాటునే ప్రశ్నించారు. మూలభాషల పండితులే సందేహిస్తున్న పదానికి తెలుగులో శాశ్వతత్వం కల్పించడం తొందరపాటు.

ప్రత్యామ్నాయాలు సూచించేవారు లేకపోలేదు. ఇంగ్లీషు ఉచ్చారణను అనుసరించి ‘నాస్టిక్’ అని రాస్తే, ఒక్క ఒత్తు తేడాతో అది ‘నాస్తిక’ పక్కన చేరుతుంది. దేవతల సంఖ్యను 30కి పెంచినవారిని దేవుడు లేడన్నవారితో కలిపే ప్రమాదం అచ్చుతప్పు దూరంలో ఉంది. ‘ఎరుక’ అనే దేశ్యపదం అందమైనది. అనుభవపూర్వకమైన పరిచయాన్ని చక్కగా ధ్వనిస్తుంది. కాని తెలుగునాట అచల సంప్రదాయంలో ఎరుక పొందవలసినది కాదు, విడవవలసినది. ఆ చరిత్రను పక్కకు నెట్టి మాటను మాత్రం తీసుకోవడం మరో సాంకర్యానికి దారితీస్తుంది. ‘ఎరుక’ వివరణలో ఉండదగినది, శీర్షికలో కాదు.

అందువల్ల ‘గ్నోసిస్’, ‘సోఫియా’ అనే మాటలను యథాతథంగా నిలపడం, శాఖలను సేతీయులు, వాలెంటీనియన్లు, బాసిలిడీయులు అని వాటి వాటి పేర్లతో పిలవడం ఉత్తమం. ఇది అనువాదకుడి ఓటమి అని ఆక్షేపించవచ్చు. ‘స్నానం’ అనే తేలిక మాట అందుబాటులో ఉన్నా ‘బాప్తిస్మము’ను నిలిపిన బైబిలు అనువాదకులు ఓడిపోలేదు. ఆ గ్రీకు శబ్దాన్ని ఇప్పుడు పల్లెటూరి వృద్ధురాలు కూడా తడబడకుండా పలుకుతుంది.

1968లో ఏర్పడి, హిమాయత్‌నగర్ కేంద్రంగా పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదకోశాలనూ వెలువరించిన తెలుగు అకాడమీ కృషి ఒక సత్యాన్ని గుర్తుచేస్తుంది: పదకోశంలోకి ఎక్కిన మాట పాఠ్యపుస్తకంలోకి, అక్కడి నుంచి ప్రశ్నపత్రంలోకి ప్రవహిస్తుంది. అక్కడికి కూతవేటు దూరంలో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పరీక్షలకు చదువుకునే విద్యార్థి ఆ మాటను ప్రశ్నించడు, కంఠస్థం చేస్తాడు. అతడు సోఫియా పతనాన్ని జ్ఞానపతనమని నేర్చుకుంటే తప్పు అతనిది కాదు. ఆ పదాన్ని సరిచూడవలసిన తెలుగు శాఖలది. పారిభాషిక పదానికి మొదటి ధర్మం భేదాన్ని చూపడం. ఆ ధర్మం నెరవేర్చలేని ‘జ్ఞానవాదం’ ఈ చర్చ నుంచి తప్పుకోవాలి.