కాటన్ మ్యూజియంలో ఇంకో పలక

జలవనరుల శాఖ అధికారులకు,



గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పుట్టినరోజు మే 15 వస్తే ఆయన విగ్రహానికి దండ వేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. దొర మీద ఫిర్యాదుతో ఈ ఉత్తరం రాయడం లేదు. ధవళేశ్వరంలోని ఆయన మ్యూజియంలో ఒక పలక పెట్టించమని అడగడానికి రాస్తున్నాను.

1821లో 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. నందన నామ సంవత్సరపు కరువు చంపినవాళ్లు కొందరు, పొట్ట చేత పట్టుకుని పోయినవాళ్లు కొందరు. అలాంటి సీమలో 1847లో ఆనకట్ట పని మొదలైతే కూలి దొరకడమే భాగ్యం. ధవళేశ్వరం కొండ రాయి పట్టాల మీద ఏటికి దిగింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా అయిదేళ్లలో నాలుగు కట్టలు లేచాయి. దొర పక్కన, ఆయన దగ్గర ఇంజనీరుగా పనిచేసిన వీణం వీరన్న గారిని కూడా తలుచుకుంటాం. తట్ట మోసినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మన జ్ఞాపకం ఆగిపోతుంది.

ఆ రోజుల్లో మట్టిపనికి కుటుంబానికి కుటుంబం కదిలేది. మగవాడు పలుగు పడితే, ఆడమనిషి తట్ట ఎత్తేది. పిల్లలు చేతనైనంత మోసేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ కూలి రేట్లలో మగవాడికో రేటు, ఆడదానికో రేటు, కుర్రాడికో రేటు ఉండేవి. గొయ్యి కొలిచి డబ్బులిచ్చే చోట అదీ లేదు. ఎన్ని గజాలు తవ్వారన్నదే లెక్క, తవ్విన చేతుల వయసు ఎవరికి కావాలి?

సరిగ్గా ఆ 1847లోనే లండన్ పార్లమెంటు బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకూ, పద్దెనిమిదేళ్ల లోపువారికీ రోజుకు పది గంటలకు మించి పని ఉండకూడదని చట్టం చేసింది. అక్కడైనా అది మిల్లులకే, కాలువలు తవ్వేవాళ్లకు కాదు లెండి. మన దేశానికి మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో గానీ రాలేదు. ఏడేళ్లు నిండని పిల్లల్ని పెట్టుకోకూడదు, పన్నెండు లోపువారికి తొమ్మిది గంటలు. అదైనా యంత్రాలతో నడుస్తూ, నూరు మందికి తక్కువ కాకుండా కూలీలున్న చోటే. బొంబాయి మిల్లుల పోటీకి జడిసిన మాంచెస్టర్ యజమానులు ఈ చట్టం కోసం గట్టిగా పట్టుబట్టారు. జాలికి వ్యాపారం తోడైతే పని ఎంత చురుగ్గా సాగుతుందో చూడండి. ఏటి ఒడ్డున రాయి మోసే కుర్రాడికి మాత్రం అదీ అందలేదు.

ఇదంతా పాత కథ అనుకుంటారేమో. ఇటుక బట్టీల్లో ఇప్పటికీ వెయ్యి ఇటుకలకు ఇంతని కూలి. ఆ వెయ్యిలో పదేళ్ల పిల్ల తిరగేసి ఆరబెట్టినవి ఎన్నో ఏ చిట్టాలోనూ ఉండదు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో పద్నాలుగేళ్ల లోపువారిని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. బడి అయ్యాక ఇంటివాళ్ల పనిలో చెయ్యి సాయం చేయవచ్చని ఓ తలుపు తెరిచే ఉంచారు. కుటుంబం అన్న మాట చాటున పిల్లలు మాయమైపోవడం మనకు కొత్త కాదు.

అందుకే నేను అడిగే పలక చిన్నది. పైన 1847 అని వేయించండి. ఒక పక్క ఆనకట్ట పని మొదలు, రెండో పక్క లండన్ పది గంటల చట్టం. కింద ఆనాటి కూలి రేట్లు మూడూ వరసగా. ఆనకట్ట కూలీల మస్తరు (హాజరు) కాగితాలు మీ శాఖ బీరువాల్లోనో, చెన్నై పురాలేఖల భాండాగారంలోనో ఉంటే, వాటి నకలు పక్కనే అద్దాల పెట్టెలో పెట్టించండి. బడిపిల్లలు విహారయాత్రకు వచ్చినప్పుడు తమ ఎత్తుకు అందేలా కాస్త కిందికి బిగిస్తే మేలు.

వచ్చే మే 15 లోగా అయితే, ఆ రోజు దండలు రెండు తెస్తాను.

ఇట్లు,
ధవళేశ్వరం వాసి ఒకడు