కొండ మీద వాన.. కొల్లేటికి ప్రాణం!

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సులో నందిగామ, కంచికచర్ల దాటగానే పిల్లలంతా ఒక్కసారిగా కిటికీల దగ్గరికి చేరిపోతారు. పరిటాల ఆంజనేయుడి కోసం! 2003లో నెలకొల్పిన 135 అడుగుల ఆ విగ్రహం కనిపించిందంటే బెజవాడ వచ్చేసినట్టే లెక్క. కానీ స్వామికి దండం పెట్టుకున్నాక ఇంకాస్త తూర్పుకు చూస్తే మరో విశేషం కనిపిస్తుంది. అదే కొండపల్లి కొండల వరస. ఆ కొండలకు పడమటి వైపు కురిసిన చినుకు వాగుల్లో పడి కృష్ణమ్మను చేరుతుంది. అటు పక్కన కురిసిన చినుకుది మాత్రం వేరే దారి. అది బుడమేరులో కలిసి, ఊళ్లూ పొలాలూ దాటుకుని, దూరాన ఉన్న కొల్లేటికి బయల్దేరుతుంది. గూడబాతుల కాళ్లు తడపడానికి!

వజ్రాల నేల

పరిటాల అనగానే పాతతరానికి గుర్తొచ్చేవి వజ్రాలు. గోల్కొండ వజ్రాలుగా లోకమంతా పేరుపడ్డవి దొరికింది గోల్కొండలో కాదు, కృష్ణ ఒడ్డునే. అటు గుంటూరు వైపు కొల్లూరు, ఇటు పరిటాల.. రెండు దరులా గనులే. ఉత్తర సర్కారులను 1766లో ఇంగ్లిషువాళ్లకు అప్పగించిన నిజాం కూడా వజ్రాలకోసం ఈ చుట్టుపక్కల కొన్ని ఊళ్లను మాత్రం తనకే అట్టిపెట్టుకున్నాడు. అలా చుట్టూ బ్రిటిష్ ఇలాకా, మధ్యలో నిజాం ఊళ్లు! అందుకే దేశానికి స్వాతంత్య్రం వచ్చినా పరిటాలకు రాలేదు. దాంతో ఇక్కడి జనం 1947లో తమది స్వతంత్ర రాజ్యమని ప్రకటించుకున్నారు. ‘పరిటాల రిపబ్లిక్’ అంటూ పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకునే కథ అది.

ఇప్పుడు ఈ దారిలో వజ్రాల వేట కన్నా కంకర మోత ఎక్కువ. పరిటాల, దొనబండల దగ్గర క్రషర్ల దుమ్ము రోడ్డు మీదికే కొడుతుంటుంది. ఆ పక్కనే కొండపల్లి అడవి. బొమ్మలకు వాడే తెల్లపొణికి చెట్టు పుట్టిల్లు ఇదే. బరువు తక్కువ, మెత్తగా చెక్కుడు పడుతుంది కాబట్టే దశావతారాలూ అంబారీ ఏనుగూ ఆ కర్రలో అంత ముద్దుగా ఒదుగుతాయి. అయితే అడవి చేసే పని బొమ్మల కర్ర ఇవ్వడం ఒక్కటే కాదు. కొండ మీద చెట్టూ చేమా ఉంటే వాన నీరు ఆగి ఆగి దిగుతుంది. బోడికొండ అయితే వచ్చిన నీరు వచ్చినట్టే కిందికి ఉరుకుతుంది, మట్టిని కూడా వెంటేసుకుని! ఆ తేడా ఏమిటో తెలియాలంటే బుడమేరు వెంట నడవాలి.

బుడమేరు కోపం

మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఒక పిల్లవాగు. దూకి దాటేయొచ్చు అనిపిస్తుంది. వానాకాలంలో మాత్రం ‘బెజవాడ దుఃఖదాయని’. పాతవాళ్లు పెట్టిన పేరు ఊరికే పెట్టలేదు. కొండల్లో గట్టి వాన పడితే గంటల్లోనే వాగు ఏరవుతుంది. దాన్ని అదుపు చేయడానికే వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, నీటిని ఇబ్రహీంపట్నం వైపు మళ్లించి కృష్ణలో కలిపే కాల్వ తవ్వారు. వరద కాల్వ పట్టే కొలత దాటిందా.. మిగతాది పాత దారినే పడుతుంది. ఆ పాత దారిలోనే ఇప్పుడు విజయవాడ కాలనీలున్నాయి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగింది అదే. కొండల్లో కుండపోత. మళ్లింపు కాల్వ గట్టుకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదతో రికార్డు స్థాయిలో పోటెత్తింది. నదే నిండుగా ఉంటే వాగు నీళ్లు ఎక్కడికి పోతాయి? సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వీధుల్లోకి వచ్చాయి. తెల్లారి లేచేసరికి గడపలో నీళ్లు, మధ్యాహ్నానికి మంచం మునిగే నీళ్లు. పిల్లల్ని భుజాల మీద, ముసలివాళ్లను పడవల మీద తరలించారు. సైన్యం సాయంతో గండ్లు పూడ్చాకగానీ ఊరు ఊపిరి తీసుకోలేదు.

అంతా సర్దుకున్నాక చాలామంది అడిగిన ప్రశ్న.. ‘ఇన్ని నీళ్లు అసలు ఎక్కడికి పోవాలి?’ జవాబు పాతదే. కొల్లేటికి!

డెల్టాకు ఓ పెద్ద గిన్నె

కృష్ణ, గోదావరి.. రెండు నదులూ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి తమ తమ డెల్టాలను ఎత్తు చేసుకుంటూ పోయాయి. రెండింటి మధ్యా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. పశ్చిమాన్నుంచి బుడమేరు, ఉత్తరాన్నుంచి తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులూ మురుగు కాల్వలూ ఇందులోకి నీళ్లు తెస్తాయి. తెచ్చేవారు ఇందరైనా తీసుకుపోయేది ఒక్కటే.. ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది.

కొల్లేరు లోతైన సరస్సు కాదు. చాలాచోట్ల మనిషి నడుం లోతే. లోతు లేకపోవడమే దీని గొప్పతనం. వరదొస్తే పళ్లెంలో పోసిన నీళ్లలా పక్కలకు పరుచుకుంటుంది. నిదానంగా ఉప్పుటేరుకు వదులుతుంది. సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తు వరకు లెక్కేస్తే దీని విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. అయిదు అడుగుల వరకైతే 308. మొత్తం నీటి మధ్యలో 46 లంక గ్రామాలు, చుట్టూ అంచున మరో 76 ఊళ్లు.

ఈ సరస్సు చరిత్రా చిన్నది కాదు. చాళుక్య రాజు రెండో పులకేశి విజయాలను చెప్పే 634 నాటి ఐహోళె శాసనంలో ఓ సరస్సు దగ్గర జరిగిన భీకర యుద్ధం ప్రస్తావన ఉంది. అది కొల్లేరేనన్నది చరిత్రకారుల మాట. సరస్సు మధ్య కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మ ఇక్కడివాళ్ల ఇలవేల్పు. ఫాల్గుణ మాసంలో జాతర జరిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి.

గూడబాతు వచ్చిందోచ్!

చలికాలం వచ్చిందంటే కొల్లేటికి చుట్టాలొస్తారు. హిమాలయాలు దాటి, మధ్య ఆసియా, సైబీరియాల నుంచి బాతులూ ఉల్లంకులూ గుంపులు గుంపులుగా దిగుతాయి. ఎర్రకాళ్ల కొంగలు, నత్తలను ఒడుపుగా తినే నత్తగుల్ల కొంగలు, తామరాకుల మీద తేలిగ్గా నడిచిపోయే పిట్టలు, నీలిరంగు నీటికోళ్లు.. చూడటానికి రెండు కళ్లూ చాలవు.

అందరిలోకీ రాజసం మాత్రం గూడబాతుదే. ముక్కు కింద సంచీ, దానితో చేపను నీళ్లతో సహా తోడుకుని, నీళ్లు వదిలి చేప మింగే తీరు పిల్లలు గంటలకొద్దీ చూస్తారు. 1940ల్లో పక్షి పరిశోధకుడు కె.కె.నీలకంఠన్ పశ్చిమగోదావరి ఆరేడు గ్రామంలో గూడబాతుల కాలనీని చూసి రాశాకే ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు. వాటిని ఊరివాళ్లే కాపాడేవారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ కాలనీ చెదిరిపోయింది. చాలా ఏళ్ల తర్వాత కైకలూరు పక్కన ఆటపాకలో మళ్లీ గూడబాతులు గూళ్లు కట్టాయి. గూళ్లు పెట్టిన చెట్లు ఎండిపోతే అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నాటింది. ‘ఇనుమైతేనేం’ అనుకున్నాయేమో, పక్షులు వాటి మీదే కాపురాలు పెట్టేశాయి!

విక్టోరియా చెప్పిన పాఠం

కొల్లేరు కష్టం అర్థం కావాలంటే ఒకసారి ఆఫ్రికా వెళ్లిరావాలి. ఉగాండా, కెన్యా, టాంజానియాల మధ్య, సముద్ర మట్టానికి 1134 మీటర్ల ఎత్తున ఉంటుంది విక్టోరియా సరస్సు. వైశాల్యం దాదాపు 68,800 చదరపు కిలోమీటర్లు. దాని ముందు కొల్లేరు ఓ కుంట. కానీ రెండింటి జాతకం ఒకటే. రువాండా, బురుండీ కొండల నీటిని అక్కడ కగేరా నది మోసుకొస్తే ఇక్కడ బుడమేరు మోసుకొస్తుంది. బయటికి పోయే దారి అక్కడా ఒక్కటే.. నైలు నది.

విక్టోరియాలో రంగురంగుల చిన్న చేపలు వందల రకాలుండేవి. చేపల దిగుబడి పెంచుదామని 1950ల్లో అందులో నైలు పర్చ్ అనే పెద్ద చేపను వదిలారు. అది మనిషంత పెరుగుతుంది, దొరికిన చేపనల్లా మింగుతుంది. కొన్నేళ్లకు ఎగుమతుల వ్యాపారం జోరందుకుంది గానీ సుమారు 200 రకాల చిన్న చేపలు కనుమరుగైపోయాయి. చిన్న వలతో బతికిన మత్స్యకారుడి చేతిలోంచి సరస్సు జారిపోయింది. పైగా 1990ల్లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క రేవులను కమ్మేసింది. పడవలు కదల్లేని ఆ రోజుల్లో దాన్ని తినే ముక్కుపురుగులను వదిలి కొంత అదుపు చేయగలిగారు.

ఆ గుర్రపుడెక్కే కొల్లేటిలోనూ మేట వేసింది. అక్కడి చేప కూడా ఇక్కడికి వచ్చింది! ఆఫ్రికా నదులూ సరస్సుల్లో పుట్టిన క్యాట్‌ఫిష్ దొంగతనంగా మన చెరువుల్లోకి చేరింది. కోళ్ల వ్యర్థాలు వేసినా పెరుగుతుంది, గాలి పీల్చుకుని బురదలోనూ బతుకుతుంది. వరదకు గట్టు తెగి బయటపడిందంటే కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి పిల్లల్ని వదలదు. కేంద్రం 2000లోనే దీని పెంపకాన్ని నిషేధించింది. అయినా చాటుమాటుగా పెంచేవాళ్లున్నారు.

గట్లు ఎవరివి, గోడు ఎవరిది?

ఒకప్పుడు కొల్లేటి లంకల్లో తాటిదోనె, వెదురు మావులు ఉంటే చాలు, కుటుంబం గడిచిపోయేది. వేసవిలో నీరు తీసిన చోట వరి. 1970ల్లో సొసైటీలు పెట్టించి ప్రభుత్వమే చేపల చెరువులను ప్రోత్సహించింది. పేదల చేతికి నాలుగు డబ్బులు వస్తాయన్నది ఉద్దేశం. లాభాలు కనిపించేసరికి పెట్టుబడులు బయటి నుంచి దిగాయి. బొచ్చె, శీలావతి చెరువుల గట్లు సరస్సు నడుమ దాకా పాకాయి. సొంత సరస్సులోనే లంకలవాళ్లు కూలీలయ్యారు. గట్టు అడ్డం పడితే నీరు పరుచుకోలేదు. నీరు పరుచుకోకపోతే వెనక్కి తంతుంది. అది కొల్లేటి ఊళ్లనే కాదు, ఎగువనున్న పొలాలనూ ముంచుతుంది.

1999లో అయిదో కాంటూరు వరకు పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో వేల ఎకరాల గట్లను పొక్లెయిన్లు కొట్టేశాయి. పక్షులకు ఊపిరి వచ్చింది. కానీ జిరాయితీ పట్టాలున్న రైతులూ, వేరే పని తెలియని మత్స్యకారులూ ‘మా సంగతేంటి?’ అన్నారు. ఆ అడగటంలో తప్పు లేదు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలంటూ 2008లో శాసనసభ తీర్మానం చేసింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ మధ్యలో కూల్చిన గట్లు కొన్ని మళ్లీ లేచాయి కూడా.

పక్షా? మనిషా? అని అడిగితే గొడవే మిగులుతుంది. నిజానికి కొల్లేటిలో ఆ రెండూ ఎదురెదురు పక్షాలు కావు. నీరు స్వేచ్ఛగా పరుచుకుంటే నాటుచేప పెరుగుతుంది. చేప ఉంటే పక్షి వస్తుంది, వలా నిండుతుంది. పట్టాభూమికి న్యాయమైన పరిహారం, మావు వేసే మత్స్యకారుడికి హక్కు, ఉప్పుటేరు పూడిక తీత.. ఈ మూడూ కలిసి నడిస్తేనే సరస్సు నిలుస్తుంది. ఇంకా పైకి పోతే కొండపల్లి అడవిలో చెట్టు నిలవాలి, బుడమేరు ఒడ్డు ఆక్రమణల్లేకుండా ఉండాలి.

అందుకే ఈసారి పరిటాల దగ్గర ఆంజనేయుడికి దండం పెట్టుకునేటప్పుడు పిల్లలకు ఆ వెనక కొండలూ చూపించండి. ‘అక్కడ వాన పడితే సింగ్‌నగర్‌లో ఇల్లు భయపడుతుంది, కొల్లేటిలో గూడబాతు సంబరపడుతుంది’ అని చెప్పండి. ఎందుకని అడుగుతారు. అప్పుడు చెప్పడానికి ఓ మంచి కథ మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది.

ఎలా వెళ్లాలి?

విజయవాడ నుంచి గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే రైళ్లు కైకలూరులో ఆగుతాయి. బస్సులూ ఉన్నాయి. అక్కణ్నుంచి ఆటపాక ఆటోలో కొద్ది నిమిషాలే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. పొద్దున్నే వెళ్తే పక్షులు ఎక్కువగా కనిపిస్తాయి. బైనాక్యులర్ ఉంటే మరీ మంచిది. గూళ్ల దగ్గర కేకలు వేయకుండా, ప్లాస్టిక్ సంచులు పారేయకుండా చూసొస్తే వచ్చే ఏడూ ఆ చుట్టాలు తప్పక వస్తాయి.