గాలి ధర, ప్రభుత్వపు మాట

నోయిడాలోని పలు బహుళాంతస్తుల గృహములలో విద్యుత్ మీటరు తెరమీద రెండు లెక్కలు కనిపించుచుండును: గ్రిడ్డు కరెంటుకు ఒకటి, అది పోయినపుడు డీజిలు జనరేటరు ఇచ్చు కరెంటుకు మరియొకటి, రెండవదాని యూనిట్టు ధర ఎంతో హెచ్చు. పెద్ద గాలిమరలకు చాలినంత గాలి ఈ గంగాయమునా మైదానమున లేదు గనుక, డీజిలు పొగకు బదులు పవన విద్యుత్తును కోరువారు గుజరాతు వైపో, దక్షిణాపథము వైపో చూడవలసినదే. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల తీగె దక్షిణ గ్రిడ్డును తక్కిన దేశముతో ఒకే పౌనఃపున్యమున కలిపిన నాటినుండి, అనంతపురము కొండలమీద గాలిమరలకు జరుగు న్యాయాన్యాయములు ఇక్కడివారికిని పరాయివి కావు.

ఆ వ్యవహారము తలచినపుడెల్ల నాకు మనస్తాపము కలుగుచుండును. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన రూ. 4.83, 4.84 యూనిట్టు ధరలను నమ్మి, ఇరువదియైదేండ్ల కొనుగోలు ఒప్పందములను బ్యాంకులకు చూపి, అప్పు తెచ్చి రాయలసీమ మెట్టలపై స్తంభములు నిలిపినవారితో ఆ ధరలను తిరిగి బేరమాడుటకు, 2019 జూలై 1 నాటి రాష్ట్ర ప్రభుత్వపు ఉత్తరువు జి.ఓ. 63 ఒక ఉన్నతస్థాయి సంఘమును నియమించెను. 2017 అక్టోబరు పవన విద్యుత్ వేలములో రూ. 2.64కే దొరకిన సరకునకు, నష్టములలో మునిగిన విద్యుత్ పంపిణీ సంస్థలు, అనగా డిస్కములు, అంత హెచ్చు ఏల చెల్లింపవలెనన్న ప్రశ్న న్యాయమైనదే. కాని దానిని అడుగవలసిన చోటు సంతకమునకు ముందు జరుగు బహిరంగ విచారణ. హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము 2019 సెప్టెంబరు 24న ఆ జి.ఓ.ను కొట్టివేసినను, తాత్కాలికముగా రూ. 2.43 చెల్లింపుమనెను; 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనము ఒప్పందపు ధరయే చెల్లింపవలెనని తీర్పుచెప్పునంతవరకు, అప్పుమీది వడ్డీ మాత్రము ఎవరికొరకును ఆగలేదు.

ధరకన్న సూక్ష్మమైన సాధనము మరియొకటి కలదు. నైరుతి ఋతుపవనము బలముగా వీచు మాసములలోనే రాయలసీమ గాలిమర సంవత్సరపు సంపాదనలో అధికభాగమును ఆర్జించును. ఆ దినములలో లోడ్ డిస్పాచ్ కేంద్రమునుండి ‘బ్యాక్‌డౌన్’ అని ఆదేశము వచ్చినచో రెక్కలు ఆగవలసినదే. గ్రిడ్డుకు నిజముగా ప్రమాదమున్నదో, డిస్కము ఖర్చు తప్పించుకొనుచున్నదో, స్తంభము క్రింద నిలిచిన ఇంజనీరు ఎట్లు తెలిసికొనగలడు? 2021 అక్టోబరులో కేంద్రము చేసిన నియమములు, గ్రిడ్డు భద్రతకు తప్ప ఇట్లు ఆపరాదనియు, ఆపినచో పరిహారమీయవలెననియు శాసించినవి. మంచిదే. అవి ఫలింపవలెనన్న, ఆపిన ప్రతి గంటకును కారణమును డిస్పాచ్ కేంద్రము ఆనాడే ప్రకటింపవలెను. తీగె చాలదను కారణము రాకుండునట్లు, గాలిమరలకు అనుమతి ఇచ్చుటకు ముందే, ఆ విద్యుత్తును మోయవలసిన సబ్‌స్టేషనును, తీగెయును మంజూరు కావలెను.