నా చెవులతో విన్నాను!

మా బావగారు రాహుకాలంలో సంతకం పెట్టి ఇల్లు కొన్న మనిషి. బల్లి మీద పడితే దులుపుకుని పోతారు. అటువంటాయన రైల్వేలో రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులోంచి 42 వేలు పెట్టి ఒక స్పీకర్ కేబుల్ జత కొనడానికి సిద్ధపడ్డారు. మూడేసి మీటర్ల తీగ!

"ఎందుకు బావగారూ?" అన్నాను.

"షాపులో మామూలు వైరుతో ఒకసారి, దీంతో ఒకసారి వినిపించాడు. తేడా నా చెవులతో విన్నాను. పక్కనే ఉన్నావుగా, నువ్వు వినలేదూ?"

విన్నాను. అదే నా బాధ. గాయని గొంతు ముందుకొచ్చినట్టు, తబలా విడిగా తెలిసినట్టు నాకూ అనిపించింది. "అదంతా మోసం" అని ఎన్నో ఏళ్ళుగా సభల్లో చెబుతున్నవాణ్ణి, షాపులో కిమ్మనకుండా నిలబడ్డాను.

మేముండేది రాయపూర్‌లో, స్టేషన్‌కి వెనక వైపు గుఢియారీలో. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక మా తాతగారు ఆ లైను మీదే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఈ రాష్ట్రంలో ఆడవాళ్ళను "టోనహీ" అని కొట్టి చంపిన సంఘటనలు ఎన్నో. మన బాణామతి, చిల్లంగి లాంటిదే. దానికోసం 2005లో ప్రత్యేక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. ఈ ఊరి కంటి డాక్టరు దినేశ్ మిశ్రా గారు అంధశ్రద్ధా నిర్మూలన సమితి తరఫున ఊరూరా తిరిగి ఆ మూఢత్వం మీద పోరాడుతున్నారు. అందుకే నేను ఈ తీగల సంగతి ఎత్తగానే ఒక మిత్రుడు మండిపడ్డాడు: "మనుషులు చస్తుంటే నీకు డబ్బున్నవాళ్ళ స్పీకర్ వైర్లు కావలసి వచ్చాయా?"

ఆ కోపం న్యాయమైనదే. తీగ వల్ల ఎవరూ చావరు. కానీ నా ప్రశ్న వేరు. పల్లెలో ఒకడు "ఆమె చూడగానే నా బిడ్డకు జ్వరం వచ్చింది, కళ్ళారా చూశాను" అంటే మనం ఏమంటాం? చూసినంత మాత్రాన రుజువు కాదు, పరీక్ష పెట్టాలి అంటాం. మరి మన చెవుల దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం ఎక్కడికి పోయింది? చదువుకున్నవాడి చెవికి మినహాయింపు ఉందా?

అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు అడిగిన వాటిలో ఒకటి, సీలు వేసిన కవర్లో ఉన్న నోటు నంబరు చదవమని. కవర్ ఎందుకు? కనపడే నోటు నంబరు ఎవడైనా చదువుతాడు గనక! షాపులో మాకు కవర్ లేదు. ఏ తీగ మోగుతోందో తెలుసు, దాని ధర తెలుసు. రెండోసారి శబ్దం కాస్త పెరిగిందేమో కూడా తెలియదు. షాపువాడు పెంచాడని నేననను. అతను కొలవలేదు, మేమూ కొలవమనలేదు. కొద్దిగా పెరిగిన శబ్దం మనకు "పెరిగినట్టు" వినపడదు, "బాగున్నట్టు" వినపడుతుంది.

సరే, కొలుద్దాం అనుకున్నాను. మా ఆవిడ కుట్టుమిషను బల్ల ఖాళీ చేయించుకున్నాను (దానికి పడ్డ మాటలు ఇక్కడ అనవసరం). పాత లాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేరు, ఒక మల్టీమీటరు. స్పీకర్ స్థానంలో 8 ఓమ్‌ల, 100 వాట్ల రెసిస్టర్లు రెండు, వెడల్పాటి అల్యూమినియం పలక మీద బిగించి. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, జాగ్రత్త. ఆంప్లిఫయర్ నుంచి వచ్చే 20 వోల్టులు తిన్నగా ఇస్తే సౌండ్ కార్డు చచ్చి ఊరుకుంటుంది కాబట్టి మధ్యలో పదో వంతుకు తగ్గించే రెండు చిన్న రెసిస్టర్లు. ఇంకొక మాట. కొన్ని ఆంప్లిఫయర్లలో, ముఖ్యంగా కొత్త క్లాస్-డి రకాల్లో, నల్ల తీగ కూడా ఎర్త్ కాదు. తెలియక దాన్ని సౌండ్ కార్డు గ్రౌండుకు కలిపితే ఆంప్లిఫయరే పోవచ్చు.

మొదట కొలవాల్సింది ఆంప్లిఫయర్‌ని కాదు, కొలిచే పరికరాన్ని! సౌండ్ కార్డు అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే కలిపి చూశాను. 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర శూలాల్లా గీతలు లేచాయి. అది కరెంటు హమ్. లాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే చాలామటుకు పడిపోయాయి. ఈ పని చెయ్యకపోతే నా పరికరం రోగాన్ని ఎదుటివాడి పరికరానికి అంటగట్టేవాణ్ణి.

తర్వాత మా ఇంట్లోనే ఉన్న పాత స్టీరియో. అట్టపెట్టె మీద 1000 వాట్లు, పక్కన చిన్నగా పీఎంపీఓ. రెండు వైపులా లోడ్ పెట్టి శబ్దం పెంచుతూ పోతే, అల తల చదునయ్యే ముందు వచ్చింది 12.6 వోల్టులు. వోల్టుల వర్గాన్ని 8తో భాగించండి: దాదాపు 20 వాట్లు. రెండు వైపులా కలిపి 40. పీఎంపీఓకి ప్రామాణికమైన నిర్వచనమే లేదు. అచ్చు వేసినవాడికి ఎంత తోస్తే అంత. తాయెత్తు అమ్మేవాడైనా కాస్త మొహమాటపడతాడు.

డిపాజిట్ కట్టి ఆ 42 వేల కేబుల్‌ని మూడు రోజులకు తెచ్చాం. దానికీ, కరెంటు షాపులో కొన్న 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగకీ 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా తేడా 0.03 డెసిబెల్.

బావగారు నవ్వారు. "చెవి వినేది మీటరు కొలవలేదోయ్."

సరే, మీటరు తీసేద్దాం. చెవులే ఉంచుదాం. దుప్పటి అడ్డం కట్టాం. అవతల మా అమ్మాయి నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒక తీగ, బొరుసు పడితే ఇంకొకటి తగిలించి, కాగితం మీద రాసుకుని, తన మొహం మాకు కనపడకుండా పెరటి గుమ్మం లోంచి వెళ్ళిపోతుంది. శబ్దం సమానంగా ఉందని ముందే స్పీకర్ కొసల దగ్గర 100 హెర్ట్జ్ స్వరంతో సరిచూశాం (చవక మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో తప్పు చెబుతాయి). పాటలు బావగారు ఎంచుకున్నవే. పదహారు సార్లు. కళ్ళు మూసుకుని ఊహించినా 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిపోయే అవకాశం వందకు నాలుగు కన్నా తక్కువ. కాబట్టి 12 వస్తే నేను నోరు మూసుకుంటానని ముందే రాసి సంతకం పెట్టాను.

బావగారికి 7. నాకు 9.

దీన్ని పట్టుకుని "తీగలన్నీ ఒకటే" అని ఊరేగకండి. సన్నటి 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ పది మీటర్లు లాగి 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఇవ్వండి, దాదాపు 1.4 డెసిబెల్ పోతుంది. కొలవకుండా ఒకటే అనేవాడూ, కొలవకుండా వేరు అనేవాడూ ఒక తాను ముక్కలే. మనవాళ్ళలో ఇంకో జబ్బు: 2007లో జేమ్స్ రాండీ ఖరీదైన పేర్ అంజూ కేబుల్స్ మీద పది లక్షల డాలర్ల సవాలు విసిరాడు, కంపెనీల నోరు మూతపడింది అని చెప్పుకుంటారు. ఆ పరీక్ష అసలు జరగనే లేదు మహాశయులారా! జరగని పరీక్ష దేనికీ రుజువు కాదు, మనకి అనుకూలమైనా సరే. కావాలంటే అదే ఏడాది మేయర్, మోరన్ అనే ఇద్దరు ప్రచురించిన పరీక్ష చెప్పుకోండి. హై రిజల్యూషన్ శబ్దాన్ని సీడీ స్థాయికి దించితే గుర్తుపట్టగలరా అని 554 సార్లు అడిగితే, సరైన జవాబులు 276.

అంకెల భక్తులూ ఉన్నారు. 0.001 శాతం డిస్టార్షన్ ఉన్న పెట్టెను అమ్మేసి 0.0005 శాతం ఉన్నది కొంటారు. చెవికి అందని తేడాకు డబ్బు పోయడంలో వీళ్ళకీ 42 వేల తీగకీ నాకు భేదం కనపడదు.

తీగ వెనక్కి వెళ్ళిపోయింది. బావగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చి, "పదేళ్ళ కిందట నువ్వు మురిసిపోతూ కొన్నావే, ఆ సీడీ ప్లేయరు, దాన్నెప్పుడు దుప్పటి వెనక పెడతావ్?" అన్నారు.

ఆదివారం పెడుతున్నాం. నాణెం ఈసారి బావగారి చేతిలో.