నిలబడనా... వద్దా?

మొన్న సెలవులకి పెద్దమ్మగారి ఊరు వెళ్లాను. సంచి కింద పెట్టానో లేదో అక్క అడిగేసింది. ‘ఏమే, పేపర్లో రాస్తావుగా! నన్ను కౌన్సిలరుగా నిలబడమంటున్నారు. నిలబడనా, వద్దా చెప్పు’. కాఫీ ఇవ్వడం కూడా మర్చిపోయింది!

అక్కవాళ్లది గుంటూరు జిల్లాలో ఓ చిన్న మున్సిపాలిటీ. ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వీధిలో సగంమంది ఆడవాళ్ల కొలతలూ, కష్టాలూ ఆమెకి నోటికొచ్చు. పోయిన వానాకాలం కాలువ పూడిపోయి మురుగు ఇళ్లలోకి వస్తే, ఇరవైమందిని వెంటేసుకెళ్లి మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. సాయంత్రానికల్లా పూడిక తీశారు. ‘ఈసారి నువ్వే నిలబడమ్మా’ అనడం అప్పట్నుంచే మొదలైంది.

కొన్నేళ్ల కిందటైతే ఆ మాటకే తావు లేదు. అక్కకి ముగ్గురాడపిల్లలు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధన 1990ల నుంచీ ఉండేది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని ఎత్తేసింది. అసలు మగపిల్లాడు కావాలని మూడో కాన్పుకి పట్టుబట్టింది అత్తగారు. అనర్హత మాత్రం అక్కాబావలకి పడింది!

ఇప్పుడు ఆ అడ్డు తొలగింది. పైగా వార్డు మహిళలకే వస్తుందని ఊళ్లో చెప్పుకుంటున్నారు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనలో ఆడవాళ్లకి మూడో వంతు సీట్లిస్తే, మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. ఈ సంగతి అక్కకంటే బావకే బాగా తెలుసు. ‘నువ్వు సంతకాలు పెట్టు చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా’ అని అప్పుడే హామీ కూడా ఇచ్చేశాడు.

ఓ పార్టీవాళ్లు వచ్చి వెళ్లారట. మొదటి ప్రశ్న కాలువ గురించి కాదు, ‘ఎంత పెట్టుకోగలరు?’ అని. అక్క దగ్గరున్నదల్లా పెద్దదాని పెళ్లికని కూడబెట్టిన బంగారం. బీ-ఫారం ఇస్తే పార్టీ గుర్తొస్తుంది. కానీ ఛైర్‌పర్సన్ ఎన్నిక రోజున విప్ ఎలా చెబితే అలా చెయ్యెత్తాలి. కాదంటే సభ్యత్వమే పోతుంది. స్వతంత్రంగా దిగితే చెయ్యి మనదే. గుర్తు మాత్రం ఇంటింటికీ తిరిగి అలవాటు చెయ్యాలి. గెలిచినా ఓడినా 45 రోజుల్లోగా ఖర్చుల లెక్క అప్పజెప్పాలి.

పక్కవీధి పెద్దాయన ఒకరు 2020 మార్చిలో నామినేషన్ వేశారు. కరోనాతో ఎన్నికలు ఆగిపోయాయి. ఆగినచోట నుంచే మళ్లీ మొదలై పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న! ఏడాదిపాటు ఇంటికొచ్చిన వాళ్లందరికీ టీలు పోసి, చివరికి ఓడిపోయారు. ఇప్పటికీ ఆయన భార్య ఓట్ల గురించి మాట్లాడరు, టీపొడి గురించే మాట్లాడతారు.

రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాక నాకు తెలిసింది చెప్పాను. కౌన్సిలరైతే మర్నాడే పార పట్టించి కాలువ తవ్వించలేవు. ఇంజినీర్లు అంచనా వెయ్యాలి, అజెండాలోకి ఎక్కాలి, కౌన్సిల్ ఆమోదించాలి, నిధులుండాలి, టెండరు పిలవాలి. పని చేయించేది కమిషనర్ యంత్రాంగం. పింఛన్లూ, సర్టిఫికెట్లూ అంటావా... 2019లో వచ్చిన వార్డు సచివాలయాలే వాటికి దారి. గౌరవ వేతనం పెట్రోలుకే సరి. ఇంక నీ చేతిలో ఉండేది కౌన్సిల్ హాల్లో లేచి నిలబడి అడగడం. కమిషనర్ ఎదురుగా, అందరి ముందూ అడిగిన మాటని దాటెయ్యడం అంత తేలిక కాదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని అడిగినదానికీ దీనికీ అదే తేడా.

అక్క చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందేమో అనుకున్నా.

‘అడగడం నాకు కొత్తేం కాదే. ఆ హాల్లో కుర్చీలో నేనే కూర్చుంటానా అని ఆలోచిస్తున్నా’ అంది మెల్లగా. ‘తెల్లారుజామున కుళాయి రాలేదని ఫోనొస్తే తీసేది ఎవరు? మీ బావ తీస్తే కౌన్సిలరు ఆయనే కదా!’

నా దగ్గర జవాబు లేదు. మన ఊళ్లలో ‘కౌన్సిలర్ గారు’ అని పిలిస్తే పలికే భర్తలు ఎంతమంది లేరు! భార్య పేరేమిటంటే వార్డులో సగంమందికి తెలియదు. బావ చెడ్డవాడేం కాదు. పిల్లల్ని బడికి తయారు చేస్తాడు, పండగొస్తే అక్కకంటే ముందే లేస్తాడు. కానీ ఆ ‘చూసుకుంటా’ అన్న మాట ఆయనకి సాయంలా వినపడుతోంది. అక్కకి అలా వినపడటం లేదు.

మర్నాడు బావ హుషారుగా ఫ్లెక్సీ నమూనా పట్టుకొచ్చాడు. దండం పెడుతూ నిలువెత్తున ఆయన ఫొటో, మూలన రూపాయి బిళ్లంత అక్క. కింద ‘మీ ఆడపడుచు’ అని రాసుంది! అక్క కళ్లద్దాలు సవరించుకుని, జాకెట్ గుడ్డని చూసినట్టే తిప్పితిప్పి చూసింది.

‘కొలతలు తప్పాయి. నా ఫొటో ఒక్కటే ఉంచమనండి. కింద నా ఫోన్ నంబరు వేయించండి’ అంది.

‘నీ నంబరా? రోజంతా మోగుతుందే! మిషన్ ఎలా కుడతావ్?’

‘మోగనీయండి’.

బావ ఫ్లెక్సీ చుట్టేసి లోపల పెట్టేశాడు. ఆ పూట ఎవరూ ఎన్నికల ఊసెత్తలేదు. పెద్దమ్మ మాత్రం వంటింట్లో నవ్వుకుంటూ కనిపించింది.

నేను తిరుగు ప్రయాణమయ్యే రోజు అక్క పొద్దున్నే ఎక్కడికో వెళ్లొచ్చింది. చేతిలో ఇంటిపన్ను రసీదు. మున్సిపాలిటీకి బకాయి ఉంటే నామినేషన్ దగ్గర చిక్కు కదా! ‘అయితే నిలబడుతున్నట్టేనా?’ అన్నాను.

‘పన్ను కట్టానంతే’ అంటూ రసీదు మిషన్ సొరుగులో పెట్టి, ‘మీ బావ ఇంకా ఆ ఫ్లెక్సీ మార్పించలేదు’ అంది.