నూతిలో మార్పు

కేరళలో కొట్టాయం వైపు నూతి నీళ్లు తోడుకునే ఇళ్లలో ఎప్పుడో ఒకసారి బకెట్లోకి ఎర్రటి పీచులాంటి ప్రాణి వచ్చి పడుతుంది. వానపాము అనుకుని పారబోస్తే తప్పుపట్టలేం. వేలెడు పొడవు ఉండదు, కళ్లు లేవు, మీసాలు మాత్రం ఉన్నాయి. ఒంటికి రంగు లేకపోవడంతో లోపలి నెత్తురే పైకి కనిపిస్తుంది. మన చేపల బజారులో బతికుండగానే అమ్మే మార్పు ఉంది చూశారూ, దాని కుటుంబమే. 1950లో హొరాగ్లానిస్ కృష్ణై అని పేరుపెట్టారు.

నూతిలోకి ఎలా వచ్చింది? అసలది నూతి చేప కాదు. నూతికి ఊట ఇచ్చే లాటరైట్ రాతి సందుల్లో దాని కాపురం. మనమే తవ్వుకుంటూ పోయి దాని ఇంటికి కన్నం వేశాం.

మరి ఆ సందుల్లోకి? ఈ చిక్కుముడి బాగా విడిపోయింది మెక్సికోలో. అక్కడి సియెర్రా డి ఎల్ అబ్రా కొండలది సున్నపురాయి. వాననీరు దాన్ని తరతరాలుగా కరిగించి బిలాలు చేస్తుంది. పైన పారే ఏరు ఒకనాడు అందులోకి దిగిపోతుంది, ఏటితోపాటు టెట్రా అనే చేపా దిగుతుంది. పైన ఏరు ఎండినా, దారి మళ్లినా చేపకు మళ్లీ పైకొచ్చే తోవ లేదు. దిగినవన్నీ బతకవు. గబ్బిలాల రెట్ట, వరద తెచ్చిన ఆకుచెత్త తప్ప తిండి లేని చీకట్లో, వాసనతోనూ నీటి కదలికతోనూ మేత పసిగట్టగలిగినవే నిలుస్తాయి.

సుమారు 30 గుహల్లో ఇలాంటి గుడ్డి టెట్రాలున్నాయి. కళ్లున్న వాటి చుట్టాలు ఇప్పటికీ బయటి ఏళ్లలో ఈదుతున్నాయి. ‘వాడక కళ్లు పోయాయి’ అనేస్తాం కానీ, గుడ్డులోని పిల్లకు కన్ను మొదలవుతుంది. తర్వాత కంటి కటకం చచ్చిపోతుంది, దాంతో కన్నూ కుంగిపోతుంది. 2000లో యమమోటో, జెఫ్రీ అనే శాస్త్రవేత్తలు బయటి చేప కటకాన్ని గుహ చేప పిండంలో పెడితే కన్ను పెరిగింది!

నాకు ఇంతకన్నా నచ్చింది 2008 నాటి ముచ్చట. వేర్వేరు గుహల గుడ్డి చేపలను జతకడితే పిల్లల్లో కొన్నింటికి చూపు వచ్చింది. తల్లి గుహలో చెడిన జన్యువు ఒకటి, తండ్రి గుహలో చెడింది ఇంకొకటి. ఒకరి లోటు ఒకరు పూడ్చారు. అంటే గుడ్డితనం ఒకచోట పుట్టి గుహగుహకూ పాకింది కాదు. ఎవరి చీకట్లో వాళ్లే చూపు పోగొట్టుకున్నారు.

ఇలాంటి నీళ్లను ‘బాహ్య ప్రపంచంతో సంబంధం లేనివి’ అని రాసేస్తుంటాం. నేనూ రాశాను. సంబంధం లేనిది మన కంటికే. 2018 వరదల తర్వాత కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక వరిమడిలో కొర్రమీనుకు దూరపు చుట్టమైన పాతాళ చేప తేలింది. నీటికి దిగే దారి ఉంటే ఎక్కే దారీ ఉంటుంది. నూతిలో మనం గుమ్మరించే బ్లీచింగ్ పొడికీ అదే దారి.

ఈ చేపల కోసం పరిశోధకులు సందుల్లోకి దూరలేరు కదా, కేరళ గృహస్థులనే అడిగారు: మీ నూతిలో, ట్యాంకులో ఏమైనా కనబడితే చెప్పండని. అలా దొరికిన వాటిలోంచి 2023లో ఇంకో కొత్త జాతి తేలింది. దానికి పెట్టిన పేరు హొరాగ్లానిస్ పాపులి. పాపులి అంటే లాటిన్‌లో ‘జనానిది’.