డబ్బాను వెనక్కి తిప్పి చదవండి

మా అమ్మాయి వంటింటి అరలో ఆ రోజు పదకొండు డబ్బాలున్నాయి. బీన్స్, బఠాణీ, స్వీట్‌కార్న్, టమాటా, పాలకూర, గుమ్మడికాయ. నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌కు వెళ్లి అప్పటికి నాలుగు రోజులే అయింది. మూడేళ్ల మనవడి అన్నంలోకి అది డబ్బా తెరిచి బీన్స్ వంపుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. గుంటూరులో ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు హోంసైన్స్ పాఠాలు చెప్పినదాన్ని. ‘‘పసివాడికి ఈ డబ్బా కూరలేంటే? ఇందులో సత్తువేముంటుంది?’’ అన్నాను. అది ఏమీ మాట్లాడలేదు. మర్నాడు అది డ్యూటీకి వెళ్లాక డబ్బాలన్నీ ఒక సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టాను. ఆ వారం గుళ్లో ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాల కోసం డబ్బా సరుకులు పోగు చేస్తున్నారు. అక్కడ ఇచ్చేద్దామనుకున్నాను.

సాయంత్రం వచ్చి సంచి చూసింది. ‘‘మన పిల్లాడికి పనికిరానిది ఇంకొకళ్ల పిల్లాడికి ఎలా పనికొస్తుందమ్మా?’’ అంది.

నా దగ్గర జవాబు లేదు. రాత్రి అందరూ పడుకున్నాక డబ్బాలన్నీ బల్ల మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని ఒక్కోదాన్నీ వెనక్కి తిప్పి చదివాను. అవి చదువుతుంటే తెలిసింది, నేను ఇన్నేళ్లూ క్లాసులో ఈ విషయం సగమే చెప్పానని.

టిన్నులో పెడితే పోషకాలన్నీ పోతాయని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. పోయేవి కొన్ని ఉన్న మాట నిజమే. పులుపు లేని కూరగాయల డబ్బాను ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల దాకా వేడిచేస్తారు. బొటులినమ్ అనే ప్రాణాంతకమైన సూక్ష్మజీవి బీజాలు చావాలంటే అంత వేడి ఉండాలి. ఆ వేడికి సి విటమిన్, బి1, ఫోలేట్ కొంత నశిస్తాయి, ఇంకొంత డబ్బాలోని నీళ్లలోకి దిగిపోతాయి. పీచు మాత్రం ఎక్కడికీ పోదు. ఇనుము లాంటి ఖనిజాలు వేడికి నశించవు. మన ఒంట్లో ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ చాలావరకు నిలుస్తుంది. టమాటాలోని లైకోపీన్ అయితే పచ్చికాయలో కంటే ఉడికిన దాంట్లోనే ఒంటికి బాగా పడుతుంది, కాస్త నూనె తగిలితే ఇంకా బాగా.

బఠాణీ సంగతే తీసుకోండి. వంద గ్రాముల పచ్చి బఠాణీలో సి విటమిన్ 40 మిల్లీగ్రాములు ఉంటుంది. నీళ్లు వంచేసిన డబ్బా బఠాణీలో పది లోపే. ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ బఠాణీని మనం పచ్చిగా తినం కదా. ఇంట్లో ఉడకబెట్టి నీళ్లు వంచేస్తే మిగిలేది 14. అంటే మనం పోల్చుకోవలసింది పద్నాలుగునీ పదినీ. ఆ మాత్రం తేడాకు ఒక తల్లి పిల్లాడికి విషం పెడుతున్నట్టు కుమిలిపోవాలా?

‘తాజా’ అనే మాటనూ ఒకసారి తరచి చూడాలి. మా అమ్మాయి ఫిజియోథెరపిస్టు. రానూ పోనూ గంటన్నర కారు నడుపుతుంది. కూరలు కొనేది శనివారం, పాలకూర కట్ట వండేది మళ్లీ శుక్రవారానికి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు 2007లో ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి సమీక్షించారు. వారం రోజులు ఫ్రిజ్‌లో ఉన్న పాలకూరలో సి విటమిన్ నాలుగింట మూడు వంతులు పోయినట్టు అందులో ఉంది. తోటలోంచి కోసి అదే పూట పొయ్యి మీదికి ఎక్కించిన ఆకుకూరకు సాటి లేదు, నేను కాదనను. ఆ భాగ్యం గుంటూరులో నాకుంది. ఇర్వింగ్‌లో దానికి లేదు.

ఇంతకీ డబ్బాలో నేను భయపడాల్సింది పోయినదాని గురించి కాదు, కలిపినదాని గురించి. ఉప్పు. మామూలు బీన్స్ డబ్బా మీద అరకప్పుకు 380 మిల్లీగ్రాముల సోడియం అని రాసుంది. డబ్బాలో అలాంటి అరకప్పులు మూడున్నర. డబ్బా మొత్తానికి 1,330. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద సోడియం 1,200 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా నేషనల్ అకాడమీస్ 2019లో చెప్పింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 1,500, పెద్దవాళ్లకు 2,300. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రెండు వేలే అంటుంది, అంటే ఉప్పు లెక్కలో రోజుకు ఐదు గ్రాములు. మూడేళ్లవాడు డబ్బా అంతా తినడు, నిజమే. కానీ వాడు పొద్దున తిన్న బ్రెడ్‌లోనూ, చీజ్‌లోనూ, నేను వాడికి అలవాటు చేస్తున్న ఆవకాయ ముద్దలోనూ ఉప్పు ఉంది. ఆ ముద్ద గురించి కూడా ఆ రాత్రే ఆలోచించాను.

పక్కనే అదే బీన్స్, అదే సైజు డబ్బా, ‘నో సాల్ట్ యాడెడ్’ అని ఉన్నది. అరకప్పుకు పది మిల్లీగ్రాములు. కాయా ఒకటే, ధరా దాదాపు ఒకటే. ఎన్నుకోవలసింది ఇక్కడే. అమెరికా వ్యవసాయ శాఖ బడి భోజనాలకు పంపే కూరగాయల డబ్బాల్లో అరకప్పుకు సోడియం 140 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం పెట్టుకుంది. బడికి పనికొచ్చిన నియమం ఇంటికీ పనికొస్తుంది.

ఉప్పు డబ్బాయే దొరికినా చేయగలిగింది ఉంది. చిల్లుల గిన్నెలో వంపి నీళ్లు కారనిస్తే సోడియం మూడో వంతు పోతుంది. కుళాయి కింద పట్టి కడిగితే దాదాపు నలభై శాతం పోతుంది. మర్నాడు నేనే కడిగి చూశాను. మొదట తెల్లటి నురగ లాంటి నీళ్లు వచ్చాయి, తర్వాత తేటబడ్డాయి. ఒక గింజ నోట్లో వేసుకుంటే ఉప్పు నాలుకకు అందీ అందనట్టుంది. ఉప్పు కలపని డబ్బా నీళ్లయితే పారబోయకండి. దిగిపోయిన విటమిన్లు వాటిలోనే ఉంటాయి. చారులో పోసుకోవచ్చు, పప్పు ఉడికించుకోవచ్చు.

గుమ్మడికాయ డబ్బా నాకు అన్నిటికన్నా నచ్చింది. కావలసినవి అనే చోట ఒకటే మాట ఉంది, గుమ్మడికాయ. ఉప్పు లేదు, చక్కెర లేదు. అరకప్పు తింటే పెద్దవాళ్లకు ఒక రోజుకు సరిపడా ఎ విటమిన్ వచ్చేస్తుంది. పక్కనే ‘పై ఫిల్లింగ్’ అని అచ్చం అలాంటి డబ్బాయే ఉంటుంది, అందులో బోలెడు చక్కెర. చూసి తీసుకోవాలి. ఉత్త గుమ్మడికాయ ముద్దను ఉడికిన కందిపప్పులో కలిపి, వెల్లుల్లి చితక్కొట్టి నేతిలో తాలింపు వేశాను. కెరోటిన్ ఒంటికి పట్టాలంటే ఆ నెయ్యి ఉండాలి. కూర ముక్క కనిపిస్తే మూతి బిగించే మనవడు పసుప్పచ్చటి ఆ పప్పు రెండోసారి వేయించుకున్నాడు.

అన్నీ బాగున్నాయని చెప్పను. డబ్బా మునక్కాయలు చారులో వేస్తే పీచు పీచుగా విడిపోయాయి, మళ్లీ కొనొద్దన్నాను. గడ్డకట్టించి అమ్మే కూరగాయలు దొరికేచోట నా మొదటి ఓటు వాటికే, ఉప్పు ఉండదు, విటమిన్లూ ఎక్కువ నిలుస్తాయి. ఏడాది నిండని పసివాళ్లకు ఉప్పు డబ్బా వద్దే వద్దు. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, అతుకు దగ్గర లోతుగా సొట్టపడిన డబ్బా రుచి కూడా చూడకుండా పారేయాలి. డబ్బా లోపలి పూతలో వాడిన బీపీఏ అనే రసాయనం మీద అనుమానాలు ఊరికే రాలేదు. అమెరికా 2012లో పాలసీసాల్లో దాన్ని నిషేధించింది, ఐరోపా సమాఖ్య 2024 చివర్లో ఆహారం తగిలే వస్తువులన్నిటికీ నిషేధం విస్తరించింది. అది లేదని డబ్బా మీద రాసినవి వెతుక్కోవడం మంచిది.

అయినా ఇవి ఇంట్లో నాలుగు ఉండాలనే అంటాను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అమ్మాయి వాళ్ల కరెంటు పొయ్యి రెండు రోజులు వెలగలేదు. ముందే ఉడికిన ఆ బీన్స్, ఆ కార్న్ చల్లగానే తిన్నారు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలంటుంది. కాస్త బద్ధకానికో, అలసటకో ఆ పూట కూరే మానేసి పచ్చడితో సరిపెట్టుకునే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. కడిగిన డబ్బా బఠాణీ అంతకన్నా నయం.

గుంటూరు తిరిగొచ్చాక ఇక్కడి సూపర్‌బజార్‌లో పుట్టగొడుగుల డబ్బా, బేబీకార్న్ డబ్బా తీసి చూశాను. రెండూ ఉప్పునీళ్లలో వేసినవే. సోడియం అంకె వెనకాల ఉంది, నా కళ్లజోడుకూ అందనంత చిన్న అక్షరాల్లో. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థను నేను అడిగేది ఒకటే. ఆ అంకె డబ్బా ముందు వైపు, కూరగాయ బొమ్మ పక్కన, ఏడో తరగతి పిల్ల అంగట్లో నిలబడి చదువుకోగలిగినంత పెద్దగా రాయించండి.

గుడి సంగతి చెప్పలేదు. ఆ శనివారం సంచి తీసుకుని కాదు, కొత్తగా కొన్నవి తీసుకుని వెళ్లాం. అమ్మాయి దుకాణంలో కింది అర ముందు గొంతుక్కూర్చుని ఒక్కో డబ్బా తిప్పి చదువుతూ, ఉప్పు కలపని బీన్స్ ఒక డజను, గుమ్మడికాయ ఆరు ఏరింది. పోగు చేస్తున్న అబ్బాయితో మాట్లాడి, వచ్చే నెల ప్రకటనలో ‘వీలైతే ఉప్పు కలపనివి తెండి’ అన్న మాట చేర్పించింది. మనవడు ఒక్కో డబ్బా రెండు చేతులతో పట్టుకుని అట్టపెట్టెలో పెట్టాడు.